అమెరికాలో జపాన్ తరహా ముసుగు వీరుల టీవీ సీరియళ్లు

ముసుగూ కవచమూ తొడుక్కున్న వీరులు, రబ్బరు వేషాల్లో రాక్షసులు, మినియేచర్ సెట్లలో కట్టిన బుల్లి నగరాలు, ఒక కేక వేసి రూపం మార్చుకునే ఘట్టం, చివర్లో మేడంత రోబో. ఈ సరంజామాతో తీసే సీరియళ్లను, సినిమాలను జపాన్‌లో తోకుసత్సు అంటారు. 1993 ఆగస్టు 28న ఫాక్స్ కిడ్స్‌లో ‘మైటీ మార్ఫిన్ పవర్ రేంజర్స్’ మొదలయ్యాక ఈ తరహా అమెరికా పిల్లలకు సొంత వినోదమైపోయింది. అయితే ఆ సీరియల్‌లో ముసుగు వేసుకున్న తర్వాతి దృశ్యాల్లో చాలా భాగం జపాన్‌లో తోయే సంస్థ అంతకుముందే తీసిపెట్టినవి. అలా రీళ్లు అరువు తెచ్చుకోకుండా కథ, వేషాలు, ఫైట్లు, రాక్షసులు అన్నీ తామే తయారుచేసుకోవాలని అమెరికా నిర్మాతలు చేసిన ప్రయత్నాలు కొన్ని ఉన్నాయి. వాటిలో చాలా మటుకు ఒక్క సీజన్‌తోనే ఆగిపోయాయి. ఈ వ్యాసం వాటి గురించి. అరువు రీళ్ల సీరియళ్ల ప్రస్తావన అవసరమైన మేరకే వస్తుంది.

జపాన్‌లో ఏముంది, అమెరికాకు ఏం చేరింది

జపాన్ టీవీలో ముసుగు వీరుల వరస 1958 నాటి ‘గెక్కో కామెన్’తో మొదలైంది. 1966లో త్సుబురాయా ప్రొడక్షన్స్ వారి ‘అల్ట్రామన్’, 1971లో తోయే వారి ‘కామెన్ రైడర్’, 1975లో ఐదుగురు రంగురంగుల వీరుల ‘గోరేంజర్’ వచ్చాయి. గోరేంజర్ నుంచి సాగిన వరసే సూపర్ సెంతాయ్. ఇందులో దాదాపు ఏటా పాత బృందం దిగిపోయేది, కొత్త వేషాలతో, కొత్త రోబోలతో ఇంకో బృందం వచ్చేది. బొమ్మల కంపెనీ బందాయ్‌కి సీరియల్ రూపకల్పనలోనే పాత్ర ఉంటుంది. కొత్త ఆయుధమో కొత్త రోబోనో కథలోకి ఎప్పుడు రావాలన్నది దుకాణాల సీజన్‌తో ముడిపడిన విషయం.

వేషం లోపల ఉండే మనిషి సంగతి ఇంకా ముఖ్యం. నటుడు సోనీ చిబా 1970లో పెట్టిన జపాన్ యాక్షన్ క్లబ్‌లో తయారైన స్టంట్ కళాకారులు ఏళ్ల తరబడి ఇదే పనిలో ఉంటారు. ముఖం కనపడదు కాబట్టి కోపం, భయం, అలసట అన్నీ మెడ వంపులోనూ భుజాల కదలికలోనూ పలికించాలి. వీరుడు చెయ్యి తిప్పి నిలబడే భంగిమ దగ్గర్నుంచి వెనక బాంబు పేలే క్షణం దాకా ప్రతిదానికీ ఒక లెక్క ఉంటుంది. వేషాలు కుట్టే శాల, మినియేచర్లు కట్టే వాళ్లు, ఫైట్ మాస్టర్లు, కెమెరా పనివాళ్లు సీరియల్ మారినా మారరు. అమెరికన్లు సొంతంగా దిగినప్పుడు వాళ్లకు లేకపోయింది ఈ యంత్రాంగమే. కథలూ ఊహలూ వాళ్ల దగ్గర బోలెడు.

జపాన్ సరుకు అమెరికాకు కొత్తేమీ కాదు. డబ్బింగ్ చేసిన అల్ట్రామన్, ‘జానీ సొకో అండ్ హిస్ ఫ్లయింగ్ రోబో’ 1960ల చివరి నుంచి స్థానిక స్టేషన్లలో తిరిగాయి. జపాన్ మూలాలున్న జనం ఎక్కువగా ఉండే హవాయిలో 1974లో కికు టీవీ ‘కికైదా’ ప్రసారం చేస్తే అక్కడి పిల్లలు ఊగిపోయారు. ఆ తరం పెద్దవాళ్లయ్యాక కూడా కికైదా నటులు హవాయి వస్తే జనం వరస కట్టారు. మిగతా అమెరికాలో మాత్రం ఇది నవ్వులాట సరుకు. 1980ల చివర్లో ‘డైనామన్’ ఎపిసోడ్లు కొన్నింటికి వెటకారపు డైలాగులు పెట్టి రాత్రిపూట కార్యక్రమంలో హాస్యంగా వేశారు. ఈ వెటకారం తర్వాత వచ్చిన సొంత సీరియళ్లను కూడా వదల్లేదు. ఎక్కడ గంభీరంగా ఉండాలో ఎక్కడ నవ్వాలో తేల్చుకోలేక చాలామంది తడబడ్డారు.

ఇంకో పాత లింకు మార్వెల్. 1970ల చివర్లో మార్వెల్, తోయే ఒకరి పాత్రలు ఒకరు వాడుకునేలా ఒప్పందం చేసుకున్నాయి. దాని ఫలితంగా 1978లో జపాన్ స్పైడర్‌మ్యాన్ సీరియల్ వచ్చింది. అందులో స్పైడర్‌మ్యాన్‌కు లియోపార్డన్ అనే పెద్ద రోబో ఉంటుంది! పిల్లలకు ఆ రోబో నచ్చడంతో మరుసటి ఏడాది ‘బ్యాటిల్ ఫీవర్ జె’తో సెంతాయ్ వరసలోకి కూడా రోబో వచ్చేసింది. ఆ బృందంలో మిస్ అమెరికా అనే వీరనారి కూడా ఉంది. తర్వాత మార్వెల్‌కు చెందిన స్టాన్ లీ ‘సన్ వల్కన్’ అనే సెంతాయ్‌ని అమెరికా ఛానెళ్లకు అమ్మాలని చూశాడు, ఎవరూ కొనలేదు. అప్పుడు ఆయనతో పాటు తిరిగిన మార్గరెట్ లోష్ 1990లలో ఫాక్స్ కిడ్స్ అధిపతి అయ్యింది. పవర్ రేంజర్స్ నిర్మాత హైమ్ సబాన్ 1980ల మధ్య నుంచి ‘బయోమన్’ అనే సెంతాయ్ నమూనా ఎపిసోడ్ పట్టుకుని తిరిగితే వద్దన్నవాళ్లే అందరూ. చివరికి ఆయన ప్రతిపాదనకు సరేనన్నది లోష్.

పవర్ రేంజర్స్‌కు ముందే ఒకటి

1984లో అమెరికా ప్రసార నియంత్రణ సంస్థ పిల్లల కార్యక్రమాల్లో ప్రకటనల మీద ఉన్న ఆంక్షలు ఎత్తేసింది. బొమ్మల కంపెనీలు కార్టూన్లకు డబ్బు పెట్టడం మొదలుపెట్టాయి. ఆ ఊపులో మాటెల్ కంపెనీ బొమ్మలతో, గ్యారీ గొడార్డ్ ల్యాండ్‌మార్క్ సంస్థ నిర్మాణంలో 1987 సెప్టెంబరులో ‘కెప్టెన్ పవర్ అండ్ ద సోల్జర్స్ ఆఫ్ ద ఫ్యూచర్’ వచ్చింది. షూటింగ్ టొరంటోలో జరిగింది. మొత్తం 22 ఎపిసోడ్లు. తెర మీద జపాన్ ఊసెక్కడా లేదు, కానీ ఒక కేక వేస్తే ఒంటి మీదికి కవచం వచ్చే వీరుల బృందం, లోహపు శత్రువులు, బొమ్మల వ్యాపారం, అన్నీ అదే అచ్చు. ఆ కాలపు తోయే లోహ కవచ వీరుల పక్కన దీన్ని నిలబెట్టి చూడొచ్చు.

కథ 2147లో జరుగుతుంది. యంత్రాలు మనుషుల మీద గెలిచేశాయి. లార్డ్ డ్రెడ్ అనే సగం యంత్రం మనిషి మిగిలిన జనాన్ని కంప్యూటర్ జ్ఞాపకంలోకి లాగేస్తుంటాడు. ఎక్కువ ఎపిసోడ్లు రాసినవాళ్లలో జె. మైకేల్ స్ట్రజిన్‌స్కీ ఉన్నాడు, తర్వాత ‘బాబిలాన్ 5’ సృష్టించింది ఆయనే. సొరాన్, బ్లాస్టార్ అనే శత్రువులను పూర్తిగా కంప్యూటర్ గ్రాఫిక్స్‌తో చేశారు. టీవీ సీరియల్‌లో ప్రతి వారం వచ్చే పాత్రలను అలా చేయడం అప్పటికి కొత్త.

దీనికి గుదిబండ అయింది బొమ్మే. మాటెల్ అమ్మిన విమానం బొమ్మను టీవీ వైపు గురిపెట్టి కాలిస్తే తెర మీది శత్రువుల వెలుగును పట్టుకుని మార్కులు ఇచ్చేది. తెర మీంచి ‘ఎదురు కాల్పులు’ తగిలితే బొమ్మ పైలట్ కుర్చీతో సహా ఎగిరిపడేవాడు. కాబట్టి ప్రతి ఎపిసోడ్‌లోనూ ఎర్రగా మెరిసే శత్రువులు ఇన్ని నిమిషాలు కనపడాల్సిందే. పిల్లల టీవీ కోసం పోరాడిన పెగ్గీ చారన్ వంటివారు ఇది సీరియలా, ప్రకటనా అని నిలదీశారు. కథేమో పెద్దల స్థాయిలో సాగింది. చివరి ఎపిసోడ్‌లో పైలట్ అనే వీరనారి శత్రువుల చేతికి స్థావరం చిక్కకుండా తనతో సహా పేల్చేసుకుని చనిపోతుంది. పిల్లలకు బరువైంది, పెద్దలకు బొమ్మల షో అయింది. బొమ్మలు అనుకున్నంత అమ్ముడుపోలేదు, సీరియల్ ఒక్క సీజన్‌తో ముగిసింది. అమెరికా సొంత ప్రయత్నాల్లో కథాపరంగా నిలబడేది నా లెక్కలో ఇదొక్కటే.

అరువు రీళ్ల లెక్క

అరువు సొమ్ములు బరువు చేటంటారు గానీ సబాన్‌కు అవే కలిసొచ్చాయి. 1992 నాటి ‘జ్యూరేంజర్’ అనే సెంతాయ్ రీళ్లు కొని, ముసుగు లేని దృశ్యాలు మాత్రం లాస్ ఏంజెలస్ పరిసరాల్లో తీసి అతికించారు. ఖర్చెక్కువయ్యే ఫైట్లు, పేలుళ్లు, రోబో యుద్ధాలు జపాన్ నుంచి రెడీగా వచ్చేశాయి. అతుకు ఎక్కడుందో తెలియాలంటే పసుపు రేంజర్‌ను చూస్తే చాలు. గులాబీ రేంజర్ వేషానికి చిన్న స్కర్టు ఉంటుంది, పసుపు రేంజర్ వేషానికి ఉండదు. అమెరికా కథలో ఆ రేంజర్ ట్రినీ అనే అమ్మాయి, జపాన్‌లో ఆ ముసుగు వెనక ఉన్నది బోయ్ అనే కుర్రాడు. పిల్లలెవరూ పట్టించుకోలేదు. 1993 క్రిస్మస్ నాటికి ఈ బొమ్మలు దుకాణాల్లో దొరకని పరిస్థితి.

ఇదే పద్ధతిలో సబాన్ 1994లో తీసిన ‘వీఆర్ ట్రూపర్స్’ ఇంకా విచిత్రం. ముగ్గురు వీరుల్లో రయన్ ఫైట్లు ‘మెటల్డర్’ నుంచి, మిగతా ఇద్దరివీ ‘స్పీల్బన్’ నుంచి తెచ్చారు. రెండూ వేర్వేరు సీరియళ్లు కాబట్టి జపాన్ రీళ్లలో ముగ్గురూ ఒక్క చోట కనపడరు. అందుకే కథలో ప్రతి వారం ఏదో ఒక వంకతో రయన్‌ను విడిగా పంపేస్తారు. స్పీల్బన్‌లో ఇద్దరు కవచ వీరనారులున్నారు, అమెరికా బృందంలో ఒక్క అమ్మాయే. ఆమెకు తనను తాను ఇద్దరుగా చీల్చుకునే శక్తి ఉందని రాసేశారు! రీలును బట్టి కథ అల్లడమంటే ఇదే. త్సుబురాయా ‘గ్రిడ్‌మన్’ను డిక్ సంస్థ ‘సూపర్‌హ్యూమన్ సమురాయ్ సైబర్ స్క్వాడ్’ పేరుతో వాడుకుంది. సబాన్ ‘మాస్క్‌డ్ రైడర్’, ‘బీటిల్‌బోర్గ్స్’ కూడా ఈ కోవవే. రీళ్లు ఉన్నంతకాలం ఈ పద్ధతి నడుస్తుంది, అయిపోతే ఆగుతుంది. సొంత సీరియల్ వైపు నిర్మాతలు చూడడానికి ఒక కారణం ఈ పరాధీనత. ఇంకో కారణం మరీ సాదా. తోయేతో సబాన్‌కు సంబంధాలున్నాయి, మిగతావాళ్లకు లేవు.

బెవర్లీ హిల్స్ పచ్చబొట్లు

అలా రీళ్లు లేకుండా దిగిన సీరియల్ ‘టాటూడ్ టీనేజ్ ఏలియన్ ఫైటర్స్ ఫ్రమ్ బెవర్లీ హిల్స్’. 1994 అక్టోబరులో యూఎస్ఏ నెట్‌వర్క్‌లో మొదలై 40 ఎపిసోడ్లు నడిచింది. నిర్మించింది డిక్ సంస్థే. అదే ఏడాది ఒక చేత్తో గ్రిడ్‌మన్‌ను అతికిస్తూ ఇంకో చేత్తో దీన్ని తీసింది.

నింబార్ అనే గ్రహాంతరవాసి, ముద్దలా జిగట జిగటగా ఉండే జీవి, భూమిని కాపాడడానికి నలుగురు కుర్రాళ్లను ఎంచుకుంటాడు. వాళ్లు బెవర్లీ హిల్స్‌లో చదువుకునే పిల్లలు, ఒకరికొకరు పడరు. నింబార్‌కు కూడా వీళ్ల మీద పెద్ద నమ్మకమేమీ లేదు, దొరికిందే పదివేలు అనుకుంటాడు. వాళ్ల ఒంటి మీద ఒక్కో నక్షత్రరాశి గుర్తు పచ్చబొట్టుగా పడుతుంది. ఆపద వస్తే అది మెరుస్తుంది, అప్పుడు క్లాసు నుంచో హోటల్ నుంచో ఏదో సాకు చెప్పి పారిపోవాలి. లారీ స్కార్పియోగా, గోర్డన్ టారస్‌గా, డ్రూ సెంటార్‌గా, స్వింటన్ అపోలోగా మారతారు. శత్రువు పేరు గోర్గేనస్ చక్రవర్తి. ఒంటరిగా ఓడించలేని రాక్షసుడి ముందు నలుగురూ కలిసి నైట్రాన్ అనే ఒకే వీరుడిగా మారతారు.

రోబో లేకపోవడానికి కారణం ఊహించడం కష్టం కాదు. రోబో అంటే మినియేచర్ నగరం కట్టాలి, పెద్ద వేషం కుట్టాలి, అది నడిస్తే బరువుగా కనపడేలా కెమెరా వేగం మార్చి తీయాలి. నలుగురి బదులు ఒకరిని నిలబెడితే ఒక వేషంతో పని జరిగిపోతుంది. ఎపిసోడ్లు వరసగా చూస్తే రూపం మారే ఘట్టాలు మళ్లీ మళ్లీ వస్తాయి, యుద్ధభూమి ఎప్పుడూ జనం లేని ఖాళీ సెట్టే. జపాన్‌లోనూ రూపం మారే ఘట్టాన్ని ప్రతి వారం తిరిగి వాడతారు, అది చూసే పిల్లలకు ఇష్టమైన తంతు. కానీ దాని తర్వాత వచ్చే ఫైట్ కొత్తగా ఉంటుంది. ఇక్కడ ఫైట్లే నీరసం. దెబ్బ తగిలిన రాక్షసుడు ఎగిరిపడడు, ఒరుగుతాడు. వేషం చిరుగుతుందేమోనన్న భయం నటుల కదలికల్లో కనిపిస్తుంది.

ఈ సీరియల్‌ను ఎగతాళి చేయడం తేలిక, పేరే అందుకు పిలుపు. కానీ అందులో ఒక మంచి గుణముంది. పవర్ రేంజర్స్ కుర్రాళ్లు దాదాపు తప్పులెరగని మంచి పిల్లలు. ఈ నలుగురు స్వార్థం, డాబు, కుళ్లు అన్నీ ఉన్న మామూలు మనుషులు, ఒకరినొకరు దెప్పిపొడుచుకుంటూనే ఉంటారు. జపాన్ రీలుకు లొంగి రాయాల్సిన పని లేనప్పుడు రచయితలకు ఎంత చోటు దొరుకుతుందో ఇక్కడ చూడొచ్చు. ఆ చోటును నింపే డబ్బే లేకపోయింది.

జపాన్ వాళ్లే అమెరికాలో తీస్తే

1993లో త్సుబురాయా తానే హాలీవుడ్‌కు వెళ్లి ‘అల్ట్రామన్: ది అల్టిమేట్ హీరో’ను 13 ఎపిసోడ్లుగా తీయించింది. జపాన్‌లో దీన్ని ‘అల్ట్రామన్ పవర్డ్’ అన్నారు. అంతకుముందు ఆస్ట్రేలియాలోనూ ఇలాగే 13 ఎపిసోడ్ల అల్ట్రామన్ ఒకటి తీయించింది. అమెరికా సీరియల్‌లో 1966 నాటి రాక్షసులనే కొత్త రూపాల్లో తెచ్చారు. ఆ రూపాలు గీసినవాడు మహీరో మయేదా, అవి ఇప్పటికీ మెచ్చుకోదగ్గవే. ఫైట్ల దగ్గరే అంతా చప్పబడింది. రాక్షసుడూ వీరుడూ ఒకరినొకరు నెట్టుకుంటున్నట్టు ఉంటుందని అభిమానులు ఇప్పటికీ అంటారు. వేషాల రూపం బాగుండి, అందులో దిగి దొర్లే మనుషులకు ఆ అలవాటు లేకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు. జపాన్‌లో వీడియో క్యాసెట్లుగా వచ్చిన ఈ సీరియల్‌కు అమెరికా టీవీలో చోటు దొరకలేదు.

ఇందులో కథానాయకుడు కేన్ కొసుగి, నింజా సినిమాల షో కొసుగి కొడుకు, అమెరికాలో పుట్టి పెరిగినవాడు. 1994లో జపాన్ వెళ్లి ‘కకురేంజర్’ అనే సెంతాయ్‌లో నల్ల నింజాగా చేశాడు. ఆ కకురేంజర్ రీళ్లను సబాన్ కొని పవర్ రేంజర్స్ మూడో సీజన్‌లో వాడుకున్నాడు. ఆ బృందం వేషాలు అక్విటార్ గ్రహం నుంచి వచ్చిన గ్రహాంతర రేంజర్లవయ్యాయి. అలా ఒక అమెరికన్ కుర్రాడి పాత్ర జపాన్ చుట్టి వచ్చి, వేరే మనిషి గొంతుతో, గ్రహాంతరవాసిగా అమెరికా తెర మీద కనిపించింది.

సబాన్ సొంత బాట

రీళ్ల మీద బతికిన సబాన్ కూడా 1990ల చివర్లో సొంత వేషాల వైపు మళ్లాడు. 1997లో ‘నింజా టర్టిల్స్: ద నెక్స్ట్ మ్యుటేషన్’ 26 ఎపిసోడ్లు వ్యాంకూవర్‌లో తీశారు. అప్పటిదాకా కార్టూన్లలోనూ సినిమాలలోనూ ఉన్న నాలుగు తాబేళ్లకు చైనాలో పెరిగిన వీనస్ అనే అయిదో తాబేలును కలిపారు. పవర్ రేంజర్స్‌తో ఒక ఎపిసోడ్‌లో జోడీ కూడా కట్టించారు. ఒకే ఒక్క సీజన్.

‘మిస్టిక్ నైట్స్ ఆఫ్ టిర్ నా నోగ్’ మాత్రం ఆగి చూడాల్సిన ప్రయత్నం. 1998 సెప్టెంబరులో ఫాక్స్ కిడ్స్‌లో మొదలైంది, 50 ఎపిసోడ్లు. షూటింగ్ అంతా ఐర్లండ్‌లో, నటులు కూడా చాలావరకు అక్కడివాళ్లే. కథ ఐర్లండ్ పురాణాల నుంచి తీసుకున్నది. కెల్స్ రాజ్యాన్ని కాంచోబార్ రాజు పాలిస్తుంటాడు. దాని మీద మేవ్ రాణి కన్నేసింది. కత్బాద్ అనే డ్రూయిడ్ దగ్గర శిష్యుడు రోహన్, దొంగ ఆంగస్, రాకుమారి డెర్డ్రా, దూరదేశం నుంచి వచ్చిన రాకుమారుడు ఐవార్ కలిసి మాయాలోకం నుంచి ఆయుధాలు సంపాదిస్తారు. తర్వాత గారెట్ వచ్చి చేరతాడు. రోహన్‌ది అగ్ని, డెర్డ్రాది వాయువు, ఆంగస్‌ది భూమి, ఐవార్‌ది జలం, గారెట్‌ది అడవి. మన పంచభూతాల్లో ఆకాశం తీసి అడవి పెట్టినట్టు! ఒక్కొక్కరూ తమ శక్తిని పిలిచి ఆయుధం పైకెత్తితే కవచం వచ్చి ఒంటిని పట్టేస్తుంది. రోబోకు బదులు పైర్ అనే డ్రాగన్ ఉంది. రాణి పంపే రాక్షసులు వారానికొకరు.

సెంతాయ్ ఎముకల గూడు మొత్తం అలాగే ఉంచి దాని మీద వేరే నేల రక్తమాంసాలు కప్పిన సీరియల్ ఇది. పవర్ రేంజర్స్‌లోని అమెరికా హైస్కూలు, జ్యూస్ సెంటరు, ఏడిపించే ఇద్దరు దద్దమ్మలు ఇక్కడ లేరు. రాతి కోటలు, పచ్చిక బయళ్లు, వాన మబ్బులు ఉన్నాయి. అక్కడి వెలుతురు, అక్కడి రాళ్లు తెరకు నిండుదనం ఇచ్చాయి. జపాన్‌లోనూ సెంతాయ్ ఫైట్లు చాలా వరకు పాత క్వారీల్లో, ఖాళీ స్థలాల్లో తీసేవారు, స్థలం ఎంచుకోవడమే సగం పని. కవచాలు దగ్గరగా చూస్తే లోహమనిపించవు, రబ్బరు గట్టిదనం తెలుస్తుంది, అందులో గుర్రం ఎక్కే నటుడి ఇబ్బందీ తెలుస్తుంది. గ్రాఫిక్స్ ఆ కాలపువి. అయినా ఒకే కథ సీజన్ పొడుగునా సాగి ముగింపుకు చేరింది. తర్వాతి సీజన్‌కు ఆలోచన జరిగినా తీయలేదు. రీళ్లు కొనుక్కుంటే జరిగిపోయే పనికి ఒక దేశంలో మొత్తం యూనిట్‌ను నిలబెట్టడం సబాన్ లెక్కల్లో ఎంత కాలం నిలుస్తుంది?

ఈ కోవలోకి వచ్చే మిగతావి చిన్నవి. 1997లో వచ్చిన ‘వాన్-పైర్స్’ మనుషులనూ గ్రాఫిక్స్ కార్లనూ కలిపింది. పాత కార్ల షెడ్డులో పిల్లలు వీరులుగా మారి, ప్రపంచంలోని ఇంధనమంతా తాగేసే రక్కసి వాహనాలతో పోరాడతారు. సంగీతం ‘ద హూ’ బృందం జాన్ ఎంట్‌విస్టిల్‌ది. 13 ఎపిసోడ్లతో సరి. మెక్సికో ముసుగు మల్లులను వీరులుగా పెట్టిన ‘లాస్ లుచడోరెస్’ 2001 ప్రాంతంలో ఫాక్స్ కిడ్స్‌లో వచ్చి వెళ్లింది. ముసుగు సంప్రదాయం ఒకటి అమెరికా ఖండంలోనే ఉందని గుర్తించిన నిర్మాతలు వీళ్లు, ఆ ఆలోచనకైనా మార్కులివ్వాలి.

అరువు బట్టకు సొంత మాసికలు

పూర్తి సొంత సీరియళ్లు ఒక్కొక్కటిగా పోతుంటే, సొంత పని అసలు పవర్ రేంజర్స్ లోపలే మెల్లగా పెరిగింది. మొదటి సీజన్ విజయం చూసి సబాన్ జ్యూరేంజర్ వేషాలతో కొత్త రాక్షసుల ఫైట్లు తీసివ్వమని తోయేకే ఆర్డరిచ్చాడు. 1994లో వచ్చిన రెండో సీజన్‌లో రోబోలు, తెల్ల రేంజర్ వేషం ‘దాయ్‌రేంజర్’ నుంచి వచ్చాయి, మిగతా అయిదుగురి వేషాలు పాతవే. అందువల్ల నేల మీది ఫైట్లు చాలావరకు అమెరికాలో తీయక తప్పలేదు. అదే సీజన్‌లో లార్డ్ జెడ్ వచ్చాడు. చర్మం ఒలిచిన కండల మీద లోహపు కడ్డీలు, ముఖానికి ఇనుప జాలీ. జపాన్ రీళ్లలో లేని, అమెరికన్లే తయారుచేసిన విలన్. పిల్లలు దడుచుకుంటున్నారని తల్లిదండ్రులు గొడవ చేస్తే, అతన్ని మెత్తబరిచి, పాత విలన్ రీటాకిచ్చి పెళ్లి చేసి హాస్యపాత్ర చేసేశారు. చేతికొచ్చిన మంచి విలన్‌ను అలా పాడుచేసుకున్నారు.

1995 సినిమాను సిడ్నీలో కొత్త కవచాలతో, రీళ్ల సాయం లేకుండా తీశారు. 2000 నాటి ‘లైట్‌స్పీడ్ రెస్క్యూ’లో టైటానియం రేంజర్ వచ్చాడు. మూల సీరియల్ ‘గోగోఫైవ్’లో ఆరో వీరుడు లేడు, కాబట్టి జపాన్‌లో ఎక్కడా లేని రేంజర్ ఇతనే మొదటివాడు. కథలో శాపం పెట్టి అతన్ని తరచూ తప్పించడం చూస్తే, ప్రతి షాటూ కొత్తగా తీయాల్సిన పాత్ర ఎంత ఖర్చో తెలుస్తుంది.

ఈ పని చేతికి రావడానికి కారణం కథకుల కంటే స్టంట్ వాళ్లే. కోయిచి సకామోతో బృందం ఆల్ఫా స్టంట్స్ పవర్ రేంజర్స్‌లో ఫైట్లు చూసేది, ఆయన తర్వాత దర్శకుడు, నిర్మాత అయ్యాడు. డిస్నీ చేతికింద వచ్చిన 2003 సీజన్‌కు షూటింగ్ న్యూజిలాండ్‌కు మారినప్పుడు ఆయనా వెళ్లాడు. హింస ఎక్కువని 1994లో ఇదే సీరియల్ ప్రసారాన్ని ఆపిన దేశమది! అక్కడ స్థానిక స్టంట్ బృందం తయారైంది. తెలుగు పిల్లలు 2000ల దశకంలో జెటిక్స్ ఛానెల్‌లో చూసిన పవర్ రేంజర్స్‌లో చాలా భాగం ఈ న్యూజిలాండ్ కాలానిదే.

ఫైట్‌కు బహుమతి

స్టీవ్ వాంగ్ హాలీవుడ్‌లో రాక్షసుల వేషాలు చేసే కళాకారుడు, ‘ప్రిడేటర్’ వేషంలో ఆయన చెయ్యి ఉంది. 1994లో ‘గైవర్: డార్క్ హీరో’ సినిమాకు దర్శకత్వం వహించాడు, దానికి ఫైట్లు సకామోతోవే. 2009లో వాంగ్ తీసిన ‘కామెన్ రైడర్: డ్రాగన్ నైట్’ సీడబ్ల్యూ ఛానెల్‌లో వచ్చింది. 2002 నాటి ‘ర్యూకి’ దీనికి మూలం. పూర్తిగా సొంతం కాదు గానీ, సబాన్ పద్ధతికి చాలా దూరం. కొత్తగా తీసిన ఫైట్లు ఎన్నో ఉన్నాయి, కథ ఆసాంతం గంభీరంగా సాగుతుంది. జపాన్ కథలో రైడర్లు ఒకరినొకరు చంపుకుంటారు. ఇక్కడ ఓడినవాళ్లు ఒక శూన్యంలోకి పోతారు, దాని బరువు మాత్రం తగ్గలేదు. ఛానెల్ చివరి రెండు ఎపిసోడ్లు వేయనే లేదు, ఇంటర్నెట్‌లో చూసుకోవాల్సి వచ్చింది. మరుసటి ఏడాది స్టంట్ల విభాగంలో డేటైమ్ ఎమ్మీ దీనికే దక్కింది. ఆ విభాగంలో అదే మొదటి బహుమతి.

దీనికి పూర్తి విరుద్ధం ‘ది అక్వాబ్యాట్స్! సూపర్ షో!’. అక్వాబ్యాట్స్ అంటే 1994లో కాలిఫోర్నియాలో పుట్టిన రాక్ బృందం. హెల్మెట్లు, కళ్లజోళ్లు, నీలం బనీన్లు వేసుకుని తాము సూపర్‌హీరోలమని చెప్పుకుంటూ, వేదిక మీద రబ్బరు రాక్షసులతో కొట్లాడుతూ పాడేవాళ్లు. టీవీకి రావాలని 1990ల నుంచీ నమూనా ఎపిసోడ్లు తీసి విఫలమయ్యారు. బృంద నాయకుడు క్రిస్టియన్ జేకబ్స్, మిత్రుడు స్కాట్ షుల్ట్జ్ కలిసి పిల్లల కార్యక్రమం ‘యో గాబ గాబ’తో గెలిచాక, 2012 మార్చిలో హబ్ ఛానెల్ వీళ్లకు తలుపు తీసింది. 21 ఎపిసోడ్లు వచ్చాయి.

బ్యాటిల్‌ట్రామ్ అనే బండిలో అయిదుగురు తిరుగుతుంటారు. ఎమ్‌సీ బ్యాట్ కమాండర్‌కు చెప్పుకోదగ్గ శక్తులేమీ లేవు, మీసం ఉంది. క్రాష్ భావోద్వేగం వస్తే మేడంత పెరుగుతాడు, దాన్ని అదుపు చేసుకోలేడు. రాక్షసుడి వేషం వెనక జిప్పు కనపడ్డా వాళ్లకు దిగుల్లేదు. అల్ట్రామన్, 1966 నాటి బ్యాట్‌మ్యాన్, క్రాఫ్ట్ సోదరుల పిల్లల షోలు చూసి పెరిగిన తరం తన ఇష్టాన్ని దాచుకోకుండా తీసిన సీరియల్ ఇది. అమెరికన్లకు ఈ తరహా అంటే ఉన్న వెటకారాన్ని వీళ్లు లోపలికి లాక్కుని తమ బలం చేసుకున్నారు. నవ్విస్తూనే ఫైట్లను శ్రద్ధగా తీశారు. వీళ్లకొచ్చిన డేటైమ్ ఎమ్మీ కూడా స్టంట్లకే.

ఇక పవర్ రేంజర్స్ సంగతికొస్తే, 2018లో హస్బ్రో కంపెనీ 52.2 కోట్ల డాలర్లకు దాన్ని కొన్నది. 2023 సెప్టెంబరు 29న నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన ‘కాస్మిక్ ఫ్యూరీ’ పది ఎపిసోడ్లకు వీరుల వేషాలు కొత్తగా, సొంతంగా తయారయ్యాయి. ఒక సీజన్ మొత్తానికి అలా జరగడం ముప్పై ఏళ్లలో అదే మొదలు. నేల మీది ఫైట్లన్నీ న్యూజిలాండ్ స్టంట్ బృందం చేసింది. అమేలియా అనే అమ్మాయి ఎర్ర రేంజర్‌గా బృందానికి నాయకత్వం వహించింది. రోబోల యుద్ధాలకు మాత్రం 2017 నాటి ‘క్యూరేంజర్’ రీళ్లు జపాన్ నుంచి తెచ్చుకున్నారు. ఆ సీజన్‌తో న్యూజిలాండ్‌లో షూటింగ్ ముగిసింది.